గొంతు పక్కన గాదె

ఒకప్పుడు కోతి దవడలు మన దవడల్లాగే ఉండేవి. లోపల నాలుక, పళ్లు, కాస్త ఉమ్ము. అంతకు మించి అక్కడ ఏమీ పట్టేది కాదు. నోట్లో పెట్టిన పండు రెండుసార్లు నమిలేసరికి గొంతు దిగిపోవలసిందే.

అది మాటలు గంపలో దొరికే కాలం. ఏ పని చేయాలన్నా ముందు ఆ పని మాట దగ్గరుండాలి. మాట లేనివాళ్లకు పని చేతకాదు. 'ఈదడం' అనే మాట దొరికేదాకా చేపలు ఏటి అడుగున పొర్లుతూ ప్రయాణాలు చేశాయి. 'నిద్ర' అనే మాట కోసం గుడ్లగూబ ఆలస్యంగా వెళ్లింది. అప్పటికి రాత్రి నిద్రంతా అయిపోయి, పగటి నిద్రే మిగిలింది.

నమ్మబుద్ధి కాకపోతే మీ ఇళ్లలోనే చూసుకోండి. 'సర్దడం' అనే మాట చెవికెక్కని పిల్లవాడి పలక ఎక్కడుందో వాళ్లమ్మను అడగండి.

ఆ మాటలు తెచ్చే ఆమె పేరు తిరుపాలమ్మ. ఏటా వానలకు ముందు నల్లమల కొండ ఎక్కి వచ్చేది. నెత్తిన చుట్టకుదురు, దానిమీద వెదురు గంప, గంపమీద తడిగుడ్డ. మాటలు ఎండకు వాడిపోతాయని ఆ తడిగుడ్డ. ఒక ఏడు నడక మాటలు తెచ్చేది, ఒక ఏడు ఏడుపు మాటలు తెచ్చేది. ఆ ఏడు దాపుడు మాటలు తెచ్చింది.

"దాపుడు మాటలమ్మా, దాపుడు మాటలు. ఎండలో సంపాదించింది వానలో తిందురు గాని, రండి" అని కేకేసుకుంటూ వచ్చి, ఏగిచెట్టు కింద బండమీద గంప దించింది.

ఆమె ధర ఒక్కటే. మాట తీసుకున్నవాళ్లు తమ దగ్గరున్నవాటిలో ఏదో ఒకటి వదులుకోవాలి. ఊరికే వచ్చిన మాట ఊరికే పోతుందని ఆమె అనేది. అది నిజమే.

తెల్లవారకముందే అడవిలోవాళ్లంతా బారులు కట్టారు. చీమ 'పోగువేయడం' తీసుకొని, నడుము వదులుకుంది. ఉడుత 'పాతిపెట్టడం' తీసుకొని జ్ఞాపకం వదులుకుంది. ఆ బేరం సరైంది కాదని తిరుపాలమ్మ చెబుతూనే ఉంది, కానీ ఉడుతకు తొందర. తాడిచెట్టు 'ఎత్తిపెట్టడం' అడిగి, నీడ ఇచ్చేసింది. పందికొక్కు 'కన్నంలో కుక్కడం' పుచ్చుకొని, మంచిపేరు ధారపోసింది. దానికి అదేమంత కష్టంగా తోచలేదు.

కోతులు మాత్రం రాలేదు.

కోతులకు అప్పటికి మూడే మాటలు అలవాటు: పీకు, తిను, నాది. వాటితో ఎండాకాలమంతా బ్రహ్మాండంగా గడిచిపోయేది. ముసురు పట్టినప్పుడే చిక్కు. కొండ చరియ కింద గుహలో గుంపంతా ముడుచుకొని కూర్చునేది. బయటకు పోతే గాలి విసిరికొడుతుంది, లోపల ఉంటే ఆకలి కొడుతుంది. ముసురు వెలిసేసరికి గుంపులో ఒకరిద్దరు తగ్గేవారు. వాళ్లు ఎందుకు తగ్గారో ఎవరూ మాట్లాడుకునేవారు కారు. దానికీ వాళ్ల దగ్గర మాట లేదు.

పోయిన ఏటి ముసురులో తగ్గినవాళ్లలో తాయక్క కూతురు ఒకతె.

తాయక్క ఆ గుంపులో ఒక నడివయసు కోతి. ఈ ఏడు మళ్లీ ఒక పిల్ల పుట్టింది. రాత్రీ పగలూ కడుపుకు కరుచుకొని ఉండేది. పిల్ల పాలు మాని అప్పుడప్పుడే గింజలు కొరకడం నేర్చుకుంటోంది. ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా తాయక్కకు ఆకాశం చూడాలనిపించేది, మబ్బు ఎంత దూరంలో ఉందో అని. తిరుపాలమ్మ కేక వినగానే ఆమె పిల్లను కరుచుకొని లేచింది.

కానీ కోతులకు ఒక ఆచారం ఉంది. ఎవరైనా పనిమీద బయలుదేరాలంటే ముందు గుంపు పెద్దకు పేలు చూడాలి. ఆ తల శుభ్రమయ్యాక పెద్ద వచ్చి వీళ్ల తల చూస్తాడు. రెండు తలల్లోనూ ఒక్క పేను కూడా లేదని ఇద్దరూ ఒప్పుకుంటేనే ప్రయాణం. ఆచారం మంచిదా చెడ్డదా అని వాళ్లెప్పుడూ ఆలోచించలేదు. ఆచారాలు ఎక్కువగా అలాగే బతుకుతాయి.

గుంపు పెద్ద బొజ్జప్ప. బుర్ర పనసకాయంత. తాయక్క సూర్యోదయాన మొదలుపెట్టింది. చెవుల దగ్గరికి వచ్చేసరికి బొజ్జప్పకు కునుకు పట్టింది. తల ఒక పక్కకు వాలితే, చూసిన పక్క కిందకీ చూడని పక్క పైకీ తిరిగి, లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. తనకు తొందర పని ఉందని తాయక్క నచ్చజెప్పింది. తొందర పనులున్నవాళ్ల చేతుల్లోంచే పేలు తప్పించుకుంటాయని బొజ్జప్ప కళ్లు మూసుకొనే జవాబిచ్చాడు.

ఆమె ఏగిచెట్టు దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. తిరుపాలమ్మ గంప దులిపి చుట్టకుదురు వేసుకుంటోంది.

"అవ్వా, ఏమైనా మిగిలిందా?" అని అడిగింది తాయక్క.

"అన్నీ అయిపోయినాయి పిల్లా. కోతులు మాటలకు వచ్చింది ఎప్పుడు గనక, మీ కోసం ఆపడానికి?"

తాయక్క గంప అంచు పట్టుకొని లోపలికి చూసింది. వెదురు బద్దల సందులో, చింతగింజంత మాట ఒకటి ఇరుక్కొని ఉంది. గోధుమ రంగులో ఉంది. కాస్త కదులుతోంది.

తిరుపాలమ్మ దాన్ని వేలితో గీకి తీసి అరచేతిలో పెట్టి చూపించింది. అది 'దాచడం' అనే ఉత్త మాట. మిగతావన్నీ చోటుతో సహా వచ్చే మాటలు. పాతిపెట్టడానికి నేల ఉంది, ఎత్తిపెట్టడానికి ఎత్తు ఉంది, కుక్కడానికి కన్నం ఉంది. దీనికి మాత్రం చోటు లేదు. అందుకే ఎన్నేళ్లుగా తిరిగినా ఎవరూ ముట్టుకోలేదు.

"చోటు నువ్వే వెతుక్కోవాలి. ఒక ముసురు దాటేదాకా దీన్ని బయటకు పలకొద్దు. పలికితే తిరిగి నా గంపలోకి వచ్చేస్తుంది. మింగితే అసలే పోతుంది" అని తిరుపాలమ్మ హెచ్చరించింది. ఆ తర్వాత ధర అడిగింది.

తాయక్క తనను తాను కిందనుంచి పైదాకా చూసుకుంది. తోక వదిలితే చెట్టెక్కలేదు. చేతులు కావాలి. పిల్లను తాకనివ్వదు. చివరికి, ముసురులో ఎలాగూ పనికిరానిది ఒకటి గుర్తొచ్చి, నవ్వు ఇచ్చేస్తానంది.

"నీ ఒక్కదాని నవ్వు సరిపోదు. మీ జాతి నవ్వంతా కలిపితేనే ఈ మాట ఖరీదు" అంది తిరుపాలమ్మ.

తాయక్క పిల్ల మొహం చూసి, సరేనంది. తిరుపాలమ్మ నవ్వంతా గంపలో వేసుకొని, తడిగుడ్డ కప్పి, కొండ దిగిపోయింది. దారి పొడుగునా గంప కిలకిలమంటూనే ఉంది.

మాట చేతికి వచ్చింది. ఇప్పుడు దాన్ని దాచాలి.

ముందు గుప్పెట్లో పట్టుకుంది. ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో మాటను పట్టుకుంటే చెట్టెక్కడానికి చేతులు మిగలలేదు. తోకతో చుట్టింది. తోక అంతటి బరువైన బాధ్యత ఎన్నడూ మోసింది కాదు. భయంతో బిగుసుకుపోయి, కర్రలా నిలబడింది. దాంతో ఆమె నడుస్తుంటే వెనక జెండా పట్టుకొని ఎవరో వస్తున్నట్టుంది.

చెట్టుతొర్రలో పెట్టింది. తొర్రలో ఉన్న తొండ, తన ఇంట్లో పరాయి మాటలు వద్దని తల ఊపుతూ బయటకు నెట్టేసింది. చంకలో పెట్టుకుంది. మాట అక్కడ అటూ ఇటూ కదిలి, చక్కిలిగింతలు పెట్టింది. నవ్వు లేదు కదా, చక్కిలిగింత బయటకు పోయే దారి లేక ఒళ్లంతా తిరిగింది. తాయక్క మెలికలు తిరిగి కొమ్మమీదనుంచి దబ్బున పడింది.

ఆమె పడగానే గుంపంతా నవ్వబోయింది. ఎవరైనా పడితే నవ్వడం వాళ్లకు మహా ఇష్టం. కానీ నోళ్లు తెరిచారే గాని నవ్వు రాలేదు. ఉత్త పళ్లు బయటకు వచ్చాయి. ఒకరి పళ్లు చూసి ఒకరు, వీడు నన్ను కరవడానికి వస్తున్నాడనుకున్నారు. చిన్నపాటి కొట్లాట అయింది. రెండు చెవులు చిరిగాయి.

కొట్లాట చల్లారాక విషయం బయటపడింది. తాయక్క గంప దగ్గరికి వెళ్లడం చూసిన కాకి ఒకటి ఉంది. అది అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

బొజ్జప్పకు ఒళ్లు మండింది. మా అందరి నవ్వు అమ్ముకొని నువ్వు తెచ్చుకున్నదేమిటో మధ్యలో పెట్టమన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే, కాదనలేం. అందరి సొత్తు ఇచ్చేటప్పుడు అందరినీ అడగాలి. తాయక్క అడగలేదు. అడిగి ఉంటే బొజ్జప్ప ముందు పేలు చూడమనేవాడు, అది వేరే సంగతి.

గుంపు ఆమె చుట్టూ మూగింది. ఎదుటివాళ్ల దగ్గరున్నది ఏదైనా సరే లాక్కొని ముందు నోట్లో వేసుకోవడం, అది ఏమిటో తరువాత ఆలోచించడం వాళ్ల పద్ధతి. మాట వాళ్ల చేతికి చిక్కితే క్షణంలో ఎవరో ఒకరి కడుపులో ఉంటుంది. తాయక్క చుట్టూ చూసింది. పారిపోయే సందు లేదు. చంకలోని మాటను తీసి చటుక్కున నోట్లో వేసుకుంది.

వేసుకున్న మరుక్షణం ఆమెకు తన అవస్థ తెలిసింది. నోరు విప్పి మాట్లాడితే మాట జారి గంపకు పోతుంది. మింగితే అసలే పోతుంది. ఉమ్మేస్తే గుంపు పాలవుతుంది. నాలుకతో దాన్ని మెల్లగా నెట్టి, పళ్లకూ దవడ చర్మానికీ మధ్య ఇరికించింది.

బొజ్జప్ప ఆమె గుప్పెళ్లు విప్పి చూశాడు. చంకలు ఎత్తించాడు. తోక వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీశాడు. ఆ పనిలో నాలుగు పేలు దొరికితే అవి తిని కాస్త శాంతించాడు. చివరికి ఆమె మొహం మీద కుడిపక్క ఉబ్బు చూసి, అదేమిటని అడిగాడు.

తాయక్క దవడమీద చెయ్యి పెట్టుకొని మూలిగింది.

పంటినొప్పి అని గుంపు తీర్మానించింది. ఇక సలహాలు మొదలయ్యాయి. ఒకడు తలకిందులుగా వేలాడమన్నాడు, నొప్పి కిందికి కారిపోతుందని. ఒకతె ఆ పన్ను ఎవరికైనా ఇచ్చేయమంది. పిల్లలూ, తాయక్క అబద్ధం చెప్పలేదు, మూలిగింది అంతే. మూలగడం అబద్ధం కాకపోవచ్చు గానీ నిజం కూడా కాదు. ఆమె చేసిన పనుల్లో మీరు నేర్చుకోకూడనిది ఇది రెండోది.

ఎదురుగా ఏటిగట్టు చెట్టుమీద నాగప్ప అనే కొండముచ్చు కూర్చొని ఈ తమాషా అంతా చూస్తున్నాడు. ఆకు మేయడం తప్ప వేరే ఆశ లేనివాడు. "వెర్రిదానా, దాచుకోవడమేమిటి? ఆకు అడవినిండా ఉంది. దాన్ని దేవుడే దాచిపెట్టాడు" అని ఎగతాళి చేసి, మళ్లీ నమలడంలో పడ్డాడు.

గుంపు చెదిరిపోయాక తాయక్క దవడను తడుముకొని చూసుకుంది. లోపల చిత్రం జరుగుతోంది. ఎన్నేళ్లుగానో చోటు లేక తిరిగిన మాట, ఈ ఇరుకు సందులో వెచ్చగా సర్దుకొని, ఇదే తన ఇల్లనుకుంది. అనుకోగానే తన పని మొదలుపెట్టింది. దవడ చర్మం లోపలివైపు కొంచెం కొంచెంగా వదులైంది. సాయంత్రానికి అక్కడ చిన్న సంచి తయారైంది.

అప్పటికి పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

మొర్రిచెట్ల కింద ఎండిన మొర్రి గింజలు రాలి ఉన్నాయి. పైపెంకు రాయిలా ఉంటుంది, లోపల పలుకు కమ్మగా ఉంటుంది. కోతులు వాటిని చిట్లించడం విసుగని వదిలేసేవి. తాయక్క వంగి ఒక గింజ ఏరి నోట్లో పెట్టింది. మింగలేదు. రెండోది పెట్టింది. మింగలేదు. కోతి పుట్టిన తరువాత భూమిమీద ఇంత వింత జరగలేదు. కుడి దవడ నిండాక ఎడమ దవడకు నాలుకతో దారి చూపించింది. అదీ వదులైంది. నిండు దవడలతో, పిల్లతో గుహ చేరేసరికి మొదటి చినుకు పడింది.

ముసురు పట్టింది.

మొదటి రెండు రోజులు గుంపు ధైర్యంగానే ఉంది. మూడో రోజు పిల్లలు ఏడ్చారు. నాలుగో రోజు ఏడవడం మానేశారు. తాయక్క మాత్రం గుహలో ఒక మూల గోడవైపు తిరిగి కూర్చునేది. ముంజేతి వెనకవైపుతో దవడను నొక్కి, ఒక్క గింజ ముందుకు తెచ్చుకునేది. ముందుపళ్లతో పెంకు చిట్లించి, పలుకు తీసి, పిల్ల నోట్లో పెట్టేది. పొద్దున రెండు, సాయంత్రం రెండు. తాను గోడమీద కారే నీళ్లు నాకి, గుహలోకి దిగిన వేళ్ల బెరడు నమిలేది.

ప్రతి గింజా ఆమె నాలుకమీదుగానే పోవాలి. ప్రతిసారీ పలుకు రుచి నాలుకకు తగిలేది.

ఐదో రోజు గొంతు మాట్లాడింది.

"తాయక్కా, నేనే, పక్కింటిదాన్ని" అంది గొంతు. పుట్టినప్పటినుంచి ఏది వచ్చినా నేరుగా తన వాకిట్లోకే వచ్చేదనీ, ఇప్పుడు వాకిలి ముందు గాదె కట్టి, తనను చూస్తూ కూర్చోమంటే ఎలాగనీ నెమ్మదిగానే అడిగింది. ఇది తన కోసం కాదట. కింద కడుపుగారు మనిషి మీద మనిషిని పంపుతున్నారట. ఆయనకు జవాబు చెప్పలేక చస్తోందట.

తాయక్క పైకి మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా. మనసులోనే, కాస్త ఓపిక పట్టమంది.

ఆరో రోజు గొంతు మర్యాద తగ్గింది. ఏడో రోజు అసలు సంగతికి వచ్చింది.

"ఇంకా ఏడు గింజలున్నాయి. వాన ఎన్నాళ్లుంటుందో తెలియదు. పిల్లకు పెడితే రెండు రోజులు, తరువాత ఇద్దరూ పోతారు. నువ్వు తింటే నువ్వైనా ఉంటావు. నువ్వుంటే వచ్చే ఏడు ఇంకో పిల్ల పుడుతుంది. నేనేమైనా తప్పుగా చెప్పానా?"

వినడానికి అది తప్పులా లేదు. అదే దానిలో ఉన్న ప్రమాదం. ఆకలి చెప్పే మాటలన్నీ చాలా తెలివిగా ఉంటాయి.

తాయక్క కళ్లు మూసుకుంది. పోయిన ఏడు కూడా ఇదే గుహ. చేతిలో ఒకే ఒక్క మేడిపండు ఉంది. కూతురి కోసం అనుకొని పట్టుకుంది. గొంతు ఇలాగే మాట్లాడింది. చేతిలో ఉన్నదాన్ని తినకుండా ఉండవచ్చునని ఆమెకు తెలియదు. పీకు, తిను, నాది. ఆ మూడు మాటలతో ఎంత వెతికినా నాలుగో పని దొరకలేదు. పండు ఆమే తినేసింది. ఆ సంగతి ఈనాటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆమె మనసులో గొంతుకు జవాబిచ్చింది. "ఆ రోజు నా దగ్గర మాట లేదు. ఈ రోజు ఉంది."

గొంతు ఒకసారి గుటకేసింది. తరువాత మాట్లాడలేదు.

ఎనిమిదో రోజు ఇంకో ఆపద వచ్చింది. పిల్ల నమిలే చప్పుడు బొజ్జప్ప చెవిన పడింది. అతని పనసకాయ బుర్ర అప్పటికి వాడి చిన్నదైంది. లేచి రాలేక పాకుతూ వచ్చాడు. అతని వెనక మిగిలినవాళ్లూ పాకారు. ఎవరూ అరవలేదు, అరిచే శక్తి లేదు. తాయక్క చుట్టూ కూర్చొని, ఆమె నోటివైపు చూశారు. అలా చూడడం అరుపు కంటే కష్టం.

ఇంకా మూడు గింజలున్నాయి.

తాయక్క దవడ నొక్కి ఒక గింజ తీసింది. పెంకు చిట్లించి, పలుకు బొజ్జప్ప అరచేతిలో పెట్టి, అతని వేళ్లు మూసి, మూసిన గుప్పెటను అతని దవడకే ఆనించి పట్టుకుంది. ఇక్కడ పెట్టుకో అని సైగ చేసింది. బొజ్జప్ప తల ఊపాడు, నోట్లో వేసుకున్నాడు, మింగేశాడు. మింగాక, ఏమిటి పెట్టుకోమన్నావని కళ్లతో అడిగాడు.

రెండో పలుకు గుంపులో అందరికంటే ముసలిది, నీలవ్వకు ఇచ్చింది. నీలవ్వకు ఒక్క పన్నూ లేదు. నమలడానికి వీలు కాక, ఎండిన గొంతులో దిగక, ఆ పలుకు చిగుళ్ల పక్కన అలా నిలిచిపోయింది. ఆమె దాన్ని నాలుకతో తడుముతూ పొద్దంతా చప్పరించింది. సాయంత్రానికి పలుకు సగమే తరిగింది, నీలవ్వ ఆకలి కూడా సగం తరిగింది. గుంపంతా నోళ్లు తెరుచుకొని ఆమె దవడవైపే చూసింది. తిననిది కూడా బలం ఇస్తుందని వాళ్లు మొదటిసారి చూశారు. పళ్లు లేని ముసలమ్మ వల్ల ఇది తెలిసినందుకు బొజ్జప్పకు కొంచెం చిన్నతనమైంది. అది అతనికి మంచిదే.

మూడో గింజ తొమ్మిదో రోజు పొద్దున పిల్లకు పెట్టింది. దవడలు రెండూ ఖాళీ అయ్యాయి. ఒక మూల మాట మాత్రం మిగిలింది.

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది.

గుంపు ఎండలోకి వచ్చి బండమీద పడుకుంది. తాయక్క పిల్లను దించి, ఆకాశం నాలుగు మూలలా చూసుకుంది. మబ్బు తునక లేదు. అప్పుడు తొమ్మిది రోజుల తరువాత మొదటిసారి నోరు విప్పి, నెమ్మదిగా, "దాచడం" అంది.

మాట బయటకు వచ్చింది. ఒక్క క్షణం గాలిలో ఆగి కొండ కిందికి, తిరుపాలమ్మ ఊరివైపు చూసింది. పోలేదు. వెనక్కి తిరిగి, బండమీద ఉన్న ఒక్కొక్కరి చెవిలోకీ దూరింది. వాళ్లందరి దవడలూ లోపలనుంచి ఎవరో గోకినట్టు వదులయ్యాయి. బొజ్జప్ప వేలు పెట్టి చూసుకొని, ఇంత చోటు ఇన్నాళ్లూ ఎక్కడుందని అడిగాడు. ఎప్పుడూ అక్కడే ఉందనీ, ఆగడం తెలియనివాళ్లకు కనబడదనీ తాయక్క చెప్పింది. తరువాత, మీ నవ్వు అడగకుండా అమ్మాను, తప్పే, అని తల వంచింది. బొజ్జప్ప కదిలి వచ్చి, ఆమె వెనక కూర్చొని, తానే ముందుగా ఆమె తల చూడడం మొదలుపెట్టాడు. కోతుల్లో క్షమించడమంటే అదే.

మాట ఏటిగట్టు చెట్టుదాకా కూడా వెళ్లింది. కానీ నాగప్ప నోటినిండా ఆకు నములుతున్నాడు. ఆ కరకరలో ఏమీ వినిపించలేదు. మాట అతని చెవి దగ్గర కాసేపు నిలబడి, పిలిచి పిలిచి, వెనక్కి వచ్చేసింది. అందుకే కొండముచ్చు దవడలో ఈనాటికీ సంచి లేదు.

అప్పటినుంచే కోతి దవడ కింద సంచి ఉంది. గాదె పొలంలో లేదు, ఇంట్లో లేదు, సరిగ్గా గొంతు పక్కన ఉంది. దొంగకూ గాదెకూ మధ్య ఒక్క నాలుకే అడ్డం. అప్పటినుంచే కోతి ఎంత ఆకలి మీదున్నా దొరికినదాన్ని ముందు దవడలో పెట్టుకొని, చెట్టెక్కి, ముంజేతి వెనకవైపుతో నొక్కి ఒక్కొక్కటే తీసుకుంటుంది. ఈసారి దగ్గరగా చూడండి. నొక్కబోయే ముందు అది ఒక్క క్షణం కదలకుండా కూర్చుంటుంది. గొంతు ఏదో చెబుతుంటుంది. కోతి వింటుంది. విని, పిల్లవైపు చూస్తుంది.